పాత కాగితం గొంతు

భద్రూ ఏ స్పీకర్‌నైనా ముందు బొటనవేలితో మెల్లగా నొక్కుతాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూస్తాడు. పెళ్లిళ్లలో గిటార్ వాయించే మనిషి. పాతకాలపు పద్ధతిలో చేయించుకున్న చిన్న ఆంప్లిఫయర్‌కు సరిపడే స్పీకర్ ఎంత తిరిగినా దొరకదు. మానుకోటలో ఏ దుకాణంలో అడిగినా డీజే పాట పెట్టి, "దమ్ము చూడన్నా!" అంటారు. "దమ్ము ఏం జేస్కోవాలె బై? తీగ కొడితే జర గరగరమనాలె," అని విసుక్కుంటాడు.

చివరికి యాకూబ్ రిపేరు దుకాణంలో, పాత రేడియోలోంచి తీసిన స్పీకర్‌లో ఆ గరగర వినిపించింది. ఆ గరగరంతా అంచు చిరిగి, ముడతలు పడ్డ దాని గరాటులాంటి కాగితంలోనే ఉంది. "గిదే భాయ్! పొద్దుమీకి పట్కపోత, ఎవ్వలకియ్యకు," అని పొంగిపోతూ వెళ్లాడు.

సాయంత్రం వచ్చి గిటార్ తగిలించి తీగ మీటితే, గరగర లేకుండా అద్దంలాంటి గొంతు పలికింది.

"చినిగిన మాల్ చేతుల పెడితే నా ఇజ్జత్ ఏం గావాలన్నా? కొత్త కాయితం ఏసిన," అన్నాడు యాకూబ్ మురిసిపోతూ. "మంచిగున్నదా?"

భద్రూ పళ్లు కొరుక్కున్నాడు. "మంచిగనే ఉన్నది భాయ్," అని, బల్ల కింద చెత్తడబ్బాలోంచి చింపిన పాత కాగితం ముక్క ఏరుకొని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.