కూర్చుని తాగే కాఫీ

మా అత్త పన్నెండేళ్ళు విదేశాల్లో కాఫీలమ్మి వచ్చి, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా కాఫీ కొట్టు పెట్టింది. అందులో కుర్చీల్లేవు. ఉన్నదల్లా నాలుగు ఎత్తు బల్లలు, గల్లాపెట్టె వెనక ఒక స్టూలు. ఆ స్టూలు నాది. అప్పట్లో నాకు ఉద్యోగం లేదు. "ఇంట్లో ఖాళీగా కూర్చునేవాడు నా దగ్గర కూర్చుంటాడు, పంపించన్నయ్యా" అని నాన్నతో చెప్పి తీసుకెళ్ళింది. అలా ఆ కొట్టులో కూర్చునే అర్హత ఉన్న ఏకైక ప్రాణిని నేనే అయ్యాను.

మావయ్య పోయేనాటికి అత్త కూతురికి నాలుగేళ్ళు. పిల్లను మా అమ్మ చేతుల్లో పెట్టి అత్త విమానమెక్కింది. ఒక దేశంలో బర్గర్ల దుకాణంలో ఎనిమిదేళ్ళు, ఇంకో దేశంలో రైల్వే స్టేషన్ కాఫీ కౌంటర్లో నాలుగేళ్ళు పనిచేసింది. రెండేళ్ళకోసారి వచ్చేది. వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ చేరేవాళ్ళం. పెట్టెలో ఏం తెచ్చిందో చూద్దామని కాదు, అక్కడి ధరలు విందామని.

"కాఫీ ఎంత అత్తా?" అని నేనే మొదలుపెట్టేవాణ్ణి.

"మీ అమ్మ వారం కూరగాయల ఖర్చంత."

అమ్మ గుండెల మీద చెయ్యేసుకునేది. "అంత పోస్తే కాఫీ ఇస్తారా, కాఫీతోట రాసిస్తారా?"

"కాఫీ కూడా కాదొదినా, కషాయం. చిన్నకప్పు ఇవ్వమంటే మన చెంబుడు ఇస్తారు. పెద్దకప్పు అడిగితే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. బర్గరు, వేయించిన దుంపముక్కలు, కూల్‌డ్రింకు కలిపి కొంటే చవక, విడివిడిగా కొంటే ఎక్కువ. ఆకలి లేనివాడు కూడా లాభం కదా అని మూడూ తినేస్తాడు. ముందు డబ్బు కట్టాలి, వరసలో నిలబడాలి, ట్రే మనమే మోసుకోవాలి, తిన్నాక మనమే ఎత్తాలి."

"ఇంత చాకిరీకి ఎదురు డబ్బులివ్వడమా!" అనేది అమ్మ.

రెండో దేశం తీరు వేరు. అక్కడ కాఫీ ఉగ్గుగిన్నెడు, రెండు గుక్కల్లో అయిపోతుంది. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే దానికి రెండింతలు. ఈ మాట విన్నప్పుడు పడకకుర్చీలో ఉన్న నాన్న ఉలిక్కిపడ్డాడు. "అమ్మో, నేను అక్కడ పుట్టుంటే ఈపాటికి ఇల్లు వేలానికొచ్చేది" అన్నాడు. అత్త కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆ గదిలోకి వెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది.

కొట్టు తెరిచిన మొదటి వారం అత్త అక్కడి పద్ధతులన్నీ ఇక్కడ దించింది. ముందు డబ్బు కట్టమంటే ఒక పెద్దాయన కండువా దులిపి, "తాగి పారిపోతాననుకున్నావా బాబూ?" అని నా మీద ఎగిరాడు. కాగితం కప్పు చేతికిస్తే "రోగుల్లా కనిపిస్తున్నామా?" అన్నారు. అత్త మొండిదే కానీ తెలివితక్కువది కాదు. ముందు డబ్బు మానేసింది, గాజుగ్లాసులు కొన్నది. కుర్చీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంది. ఎవరడిగినా "నిలబడి తాగితేనే చవక, నా పద్ధతి అదే" అనేది.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చేవాళ్ళు పొద్దుటి నుంచి నిలబడి నిలబడి ఉన్నవాళ్ళు. వాళ్ళకు కావలసింది ముందు కాసింత కూలబడే చోటు, తర్వాతే కాఫీ. పక్క సందులో బల్లలున్న కొట్టుకు వెళ్ళి, చద్ది కాఫీ తాగుతూ హాయిగా కూర్చునేవాళ్ళు. మా దగ్గర అమృతం లాంటి కాఫీ, నేను ఈగలు తోలుకోవడం.

కొట్టు అద్దె ఒప్పందం ఏడాదికి. మూడు నెలలు మిగిలాయి, అత్త చేతిలో డబ్బూ అడుగంటింది. బర్గర్ల దుకాణం మేనేజరు నెలకోసారి ఫోన్ చేసి, వస్తే పాత ఉద్యోగం మళ్ళీ ఇస్తామని చెబుతున్నాడు. కొట్టు మూతపడితే అత్త మళ్ళీ విమానమెక్కక తప్పదు. కూతురేమో వచ్చిన తల్లిని ఆర్నెల్లు "మీరు" అని పిలిచి, ఇప్పుడిప్పుడే "నువ్వు"లోకి దిగింది. మళ్ళీ వెళ్తే ఆ పిల్ల ఇక దగ్గరకు రాదని అత్తకు తెలుసు. మా అందరికీ తెలుసు.

ఒక సోమవారం నేను అత్తనడక్కుండా రెండు బెంచీలు తెచ్చి కొట్టులో వేశాను.

"ఎవరు తెమ్మన్నార్రా? తీసెయ్" అంది. కోపమేమో అనుకున్నాను.

"కొట్టు పోయినా పర్లేదు గానీ బెంచీ వెయ్యవా?"

అత్త చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "ఆ బర్గర్ల కొట్లో అరగంట కంటే ఎక్కువ కూర్చోకూడదని రూలు. రోజూ ఒక ముసలావిడ వచ్చేది. అన్నిట్లోకీ చవక కాఫీ కొనుక్కుని కిటికీ దగ్గర కూర్చునేది. బయట మంచు. ఇంట్లో ఎవరూ లేరు కాబోలు. ఒకరోజు మేనేజరు గడియారం చూపించి, వెళ్ళి లేపమన్నాడు. వెళ్ళి చెప్పాను. ఆ భాషలో నేను ఒక్క తప్పు లేకుండా మాట్లాడిన మొదటి ముక్క అదేరా. ఆవిడ థాంక్స్ చెప్పి మరీ వెళ్ళింది. మళ్ళీ రాలేదు."

"కుర్చీ వేస్తే ఏదో ఒకరోజు ఎవరో ఒకర్ని లేవమనాలి. కుర్చీయే లేకపోతే ఆ పాపం ఉండదు" అంది.

"ఇక్కడ మేనేజరువి నువ్వే కదత్తా" అన్నాను.

అత్త గుడ్డ తీసుకుని బెంచీలు శుభ్రంగా తుడిచింది.

జనం రావడం మొదలైంది. వాళ్ళతోపాటు టైపు మాస్టారూ వచ్చాడు. ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడి అప్పటికి రెండేళ్ళు. ఉదయం తొమ్మిదింటికి ఒక కాఫీ చెప్పి, బెంచీ చివర పేపరు పరుచుకుంటే మధ్యాహ్నం దాకా కదిలేవాడు కాదు. పది రోజులు ఓర్చుకున్నాను. పదకొండో రోజు చోటు లేక ఆరుగురు వెనక్కి పోవడం చూసి స్టూలు దిగాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఇలాగైతే కొట్టు మూతేనత్తా!"

"మూతపడితే పడనీ. అక్కడికెళ్ళి మళ్ళీ ఎవర్నో లేపుకుంటాను. ఇక్కడ మాత్రం లేపను."

ఆ మధ్యాహ్నమే మేనేజరు ఫోన్ చేశాడు. ఈ నెలాఖరే ఆఖరి గడువట. అత్త బెంచీ వైపు చూస్తూ ఆ భాషలో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది.

"ఏమన్నావ్?" అన్నాను.

"కొట్లో మనుషులు కూర్చున్నారు, వాళ్ళు లేచాక వస్తానన్నాను."

మర్నాడు మాస్టారు పక్కన కూర్చున్న రైతు దరఖాస్తు ఎలా నింపాలో తెలియక తికమకపడుతుంటే, ఆయనే అందుకుని నింపిపెట్టాడు. నెల తిరిగేసరికి దరఖాస్తు అంటే మాస్టారు, మాస్టారంటే మా కొట్టు అయింది. చోటు లేనివాళ్ళు ఎత్తు బల్లల దగ్గర నిలబడి తాగారు. కూర్చున్నా నిలబడ్డా ధర ఒకటే. అత్త పద్దెనిమిదేళ్ళు ఆ కొట్టు నడిపి, కూతురి ఇంట్లో, కూతురి చేతుల్లో కన్నుమూసింది. కొట్లో మనుషులు లేవలేదు, ఆమె వెళ్ళలేదు.