బుల్లియ్య గట్టిమేళం

బుల్లియ్య డోలు, అన్న అబ్బులు సన్నాయి. ద్రాక్షారామం చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ వాళ్ళిద్దరే మేళం. తొంభై ఏడులో అబ్బులు పోయాడు. కళాకారుడు పోయినా కళ బతుకుతుందని సంతాపసభల్లో చెబుతారు. అది ఒట్టిమాట. సన్నాయి పోయిన డోలుని ఎవరూ పిలవరు. బుల్లియ్య రాజమండ్రి వచ్చి, కొడుకు సెలూన్లో కూర్చుని, కుర్చీ చేతిమీద వేళ్ళతో వాయించుకుంటూ కాలక్షేపం చేసేవాడు.

ఆ వేళ్ళని క్షవరానికొచ్చిన చైతన్య చూశాడు. కాలేజీ లెక్చరరు, కొత్తరకం సంగీతం పిచ్చి. ఓ చిన్న బృందం పెట్టాడు. వాళ్ళ ముందుండే కాగితాల మీద స్వరాలుండవు. గీతలు, చుక్కలు, ఖాళీలు. ఏ వాయిద్యం వాయించాలో కూడా రాసి ఉండదు. ఎవరి దగ్గర ఏదుంటే అది.

"మరి సన్నాయో?" అన్నాడు బుల్లియ్య.

"అక్కర్లేదండి."

"ఒక్క డోలేనా?"

"ఒక్క డోలేనండి. రండి."

మర్నాడే వెళ్ళాడు. గీత పైకి లేస్తే గట్టిగా కొట్టాలి, ఖాళీ వస్తే ఊరుకోవాలి. ఊరుకోవడమే చేతకాలేదు.

"బాబాయిగారూ, ఖాళీ కూడా సంగీతమేనండి," అంది వయొలిన్ వాయించే హైమ.

"ఊరికే కూర్చోడానికి డోలెందుకమ్మా, మా సెలూను బల్ల చాలదూ?"

మొదటి కచేరీలో ఒక పేజీ అంతా నిశ్శబ్దం. అందులో ముందు వరసాయన గట్టిగా తుమ్మాడు. మంగళసూత్రం కట్టే వేళ తుమ్ము వినపడకుండా గట్టిమేళం మోగించాలి. బుల్లియ్య బతుకంతా ఆ తుమ్ముకే కాపలా కాశాడు. చేతులు వాటంతటవే లేచాయి. హాలు దద్దరిల్లింది. వాయిస్తూనే ఎడమపక్కకి తిరిగాడు, అన్న అందుకుంటాడని. అక్కడ గిటారబ్బాయి నోరు తెరిచి చూస్తున్నాడు. డోలు ఆగిపోయింది.

జనం లేచి చప్పట్లు కొట్టారు.

"చెడగొట్టేశానండీ," అన్నాడు బుల్లియ్య.

"చెడగొట్టడమేంటండీ! ప్రాణం పోశారు. భీమవరంలోనూ ఇదే పెడదాం. తుమ్మడానికి మనిషిని కూర్చోబెడతాను," అన్నాడు చైతన్య.

సంప్రదాయానికీ ప్రయోగానికీ పెళ్ళి జరిగిందని తెలిసినవాళ్ళు మురిసిపోయారు. ఆ మనిషి ఎవరికోసం పక్కకి తిరిగాడో ఒక్కరూ అడగలేదు. కాదంటే మళ్ళీ సెలూను కుర్చీయే గనక బుల్లియ్య సరేనన్నాడు.

భీమవరంలో తుమ్ము అనుకున్న చోటే వచ్చింది. బుల్లియ్య చేతులు లేవలేదు. చైతన్య కళ్ళతో సైగ చేశాడు. తుమ్మినాయన, పాపం, ఇంకోసారి తుమ్మాడు. జనం నవ్వారు. బుల్లియ్య డోలు మీద చేతులు ఆనించి, ఎడమపక్క చూడకుండా కూర్చున్నాడు.

తిరుగుబస్సులో రావులపాలెం దాటాక హైమ మెల్లిగా అడిగింది. "ఏమైంది బాబాయిగారూ?"

"ఆవేళ మా అన్నయ్య ఉన్నాడనుకుని కొట్టానమ్మా. లేడని తెలిసి ఎలా కొట్టేది?"

తర్వాతి ప్రాక్టీసుకి రాలేదు. పిలుద్దామని హైమ ఇంటికి వెళితే, వాకిట్లో కూర్చుని డోలు తాళ్ళు విప్పుతున్నాడు. ఒకవైపు తోలు అప్పటికే ఊడదీసి పక్కన పెట్టాడు.

"అదేంటండీ!"

"అన్నయ్య పోయిననాడే చెయ్యాల్సిందమ్మా," అన్నాడు తలెత్తకుండా.

రెండో తోలు గట్టిగా పట్టేసి ఉంది. హైమ వయొలిన్ పెట్టె కింద పెట్టి, డోలు కదలకుండా పట్టుకుంది.