చేతులు కట్టుకునే ఉద్యోగం

గున్వోర్ ఉద్యోగం చేతులు కట్టుకుని నిలబడటం. ముప్పై ఏళ్ళు నర్సుగా పరుగులు పెట్టిన మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. స్వీడన్‌లోని ఒక ఊరి ఆస్పత్రిలో ఎముకలు విరిగినవాళ్ళ వార్డును విద్యార్థులే నడుపుతారు. డాక్టరు చదువు, నర్సు చదువు, నడక నేర్పే ఫిజియో చదువు, ఇంటి సాయాలు చూసే సంక్షేమం చదువు చదివే పిల్లలు రెండేసి వారాలు కలిసి రోగుల్ని చూసుకుంటారు. పొద్దున్నే కాబోయే డాక్టరుతో సహా అందరూ స్నానాలు చేయించాల్సిందే. వాళ్ళను కనిపెట్టుకుని ఉండే గున్వోర్, ప్రాణం మీదికి వస్తే తప్ప నోరు విప్పకూడదు. తప్పు వాళ్ళే చేయాలి, ఒకరినొకరు అడిగి వాళ్ళే దిద్దుకోవాలి. కాస్త పని తెలిసిందనుకునేసరికి ఆ జట్టు వెళ్ళిపోతుంది. కొత్త జట్టు వచ్చి మళ్ళీ దుప్పటి తిరగేసి పరుస్తుంది. ఆమెకు విసుగు పుట్టి, ఆ విసుగు కూడా పాతబడిపోయింది.

ఆ నవంబరులో తుంటి విరిగి ఎలోఫ్ వచ్చాడు. ఎనభై దాటిన మాజీ రైలు డ్రైవరు. ఏమడిగినా "ఆఁ, ఫరవాలేదు" అంటాడు. కుట్లు మానాయి. ఇక ఇంటికి పంపాలా, మునిసిపాలిటీ వాళ్ళ వృద్ధుల వసతికి పంపాలా అన్నదే మిగిలింది. ఆ వసతికి వెళ్ళిన ఎలోఫ్ వాళ్ళ అన్నయ్య మళ్ళీ సొంతింటి గడప తొక్కలేదు.

విద్యార్థులు అతని మంచం చుట్టూ చేరారు. అక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి, నువ్వనే పిలుస్తారు.

"వాకరుతో వరండా అంతా తిరిగేస్తున్నాడు," అంది ఫిజియో పిల్ల తూవా. "మెట్లు మాత్రం ఇప్పట్లో ఎక్కలేడు. నీది మూడో అంతస్తు కదా ఎలోఫ్, లిఫ్టు ఉందా?"

"ఆఁ, ఉంది."

"ఇంకేం, గొడవే లేదు. మందులు రాసేస్తా," అన్నాడు డాక్టరు చదివే సిక్స్టెన్.

"ఇంటికి సాయం మనిషిని నేను మాట్లాడేశా," అంది సంక్షేమం చదివే హెవిన్.

లిఫ్టు లేదు. గున్వోర్ ఉండేది ఎలోఫ్ ఇంటి పక్క వీధిలోనే. అతనుండే భవనంలోనే ఉన్న స్నేహితురాలి కోసం ఆ మెట్లన్నీ ఆయాసపడుతూ ఎక్కేది. ఆ సంగతి ఎలోఫ్‌కూ తెలుసు. అతను తూవా వైపు కాదు, గున్వోర్ వైపే చూస్తున్నాడు.

ఎవరైనా ఇంకో ప్రశ్న వేస్తారని ఆమె ఎదురుచూసింది. తూవా అడిగింది కదా అని హెవిన్, హెవిన్ కనుక్కునే ఉంటుందని సిక్స్టెన్ ఊరుకున్నారు. తాను చెబితే ముసలాయనకు ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఆ మెట్ల మీదే మళ్ళీ పడతాడు. గున్వోర్‌కు ఒంట్లో ఓపిక లేదు. హాయిగా రూలు చాటున దాక్కుంది.

పిల్లలు కాఫీకి వెళ్ళాక ఎలోఫ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"థాంక్స్ గున్వోర్. నువ్వు మంచిదానివి."

అది చెంపదెబ్బలా తగిలింది. తాను చేసింది పాఠం చెప్పడం కాదు, చేతులు దులుపుకోవడం. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. తిన్నగా కాఫీ గదికి నడిచింది.

"ఎలోఫ్ ఇంట్లో లిఫ్టు లేదు."

తూవా మొహం ఎర్రబడింది. "తెలిసి కూడా అలా నిలబడ్డావా?"

"నిలబడ్డాను," అంది గున్వోర్.

కాసేపటికి వాళ్ళు ఆమెను వదిలేసి ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. గున్వోర్ అది వినడానికి ఆగలేదు. ఎలోఫ్‌కు తన నోటితోనే చెప్పాలని వెనక్కి వెళ్ళింది.

"చెప్పేశాను."

ఎలోఫ్ కోప్పడలేదు.

"నీకు మాట్లాడకూడదని రూలు కదా," అన్నాడు. "అది చూసుకునే అబద్ధమాడాను."