తోక పట్టుకుని చెప్పిన మాట

మా అమ్మ నా చేతికి ఇచ్చింది ఏడు వేలు. నేను బ్యాంకులో కట్టింది ఆరు వేలు. ఈ ముక్క మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ వెయ్యిలో ఒక జీన్స్ ప్యాంటు, నెట్ సెంటర్ బాకీ, ఒక సాయంత్రం స్నేహితులకు పెట్టించిన బిరియానీ ఉన్నాయి. బాకీ తీరింది, బిరియానీ అరిగింది. ప్యాంటు మాత్రం చాలా కాలం నా ఒంటిమీదే ఉండి సాక్ష్యం చెప్పింది.

అది రెండువేల ఎనిమిది ప్రాంతం. మాది మదనపల్లె. టమోటా మార్కెట్ దగ్గర మా నాయనకు తాళ్ళు, గోనెసంచుల అంగడి. నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, గంటకు పదిహేను రూపాయలిచ్చి నెట్ సెంటర్లో కూర్చుని ప్రపంచాన్ని ఉద్ధరిస్తున్నాను. మా అమ్మది పుంగనూరు. ఆమె పుట్టింట్లో నడుమెత్తు పొట్టి ఆవు ఉండేదట. చిన్నప్పుడు దాని మెడ మీద తల పెట్టుకుని నిద్రపోయిందట. అలాంటి ఆవు ఒకటి కావాలని ఆమె కోరిక. మా ఇంటి వెనక కుళాయికీ స్నానాల గదికీ మధ్య ఆరడుగుల చోటుంది. అందులో పట్టే ఆవు లోకంలో పుంగనూరు ఆవు ఒక్కటే. అందుకని రెండేళ్ళు చీటీ కట్టి, పాడిన డబ్బు చీర మడతల్లో దాచుకుంది.

పుంగనూరులో అడగని ఇల్లు లేదు. ఆవులు ఉన్నవాళ్ళు అమ్మరు, అమ్ముతామన్నవాళ్ళ దగ్గర ఆవులు ఉండవు. "లచ్చుమిని యాడన్నా అమ్ముకుంటారామ్మా?" అని కాఫీ ఇచ్చి పంపేవాళ్ళు. అప్పుడు రంగంలోకి నేను దిగాను. నెట్‌లో దొరకని వస్తువు లేదని నాకు గట్టి నమ్మకం. దొరికింది కూడా. అచ్చమైన పుంగనూరు ఆవు, ధర పద్నాలుగు వేలు, సగం ముందు కడితే టెంపోలో ఇంటి ముందు దించుతారు. పక్కన ఫోటో. ఒక పెద్ద గంగాళం, దాని పక్కన ఆ గంగాళం కంటే కాస్త ఎత్తులో ఆవు, వెనకాల ఏదో గోడ, దాని పక్కన నిలువు రాళ్ళు పాతిన కంచె. బేరమాడి పన్నెండుకు దించాను. అంటే సగం ఆరు. ఈ బేరం సంగతి అమ్మకు చెప్పలేదు. నా తెలివికి నేను తీసుకున్న కమీషన్ అనుకున్నాను. మార్కెట్ పక్కన పెరిగినవాణ్ణి, కమీషన్ లేకుండా సరుకు చేతులు మారడం ఎప్పుడూ చూడలేదు.

ఫోటోను పది రూపాయలిచ్చి నలుపు తెలుపులో ప్రింటు తీయించి తెచ్చాను. అమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

"మొగం దూడ మొగం మాదిరి ఉండాదే?"

"పొట్టి ఆవులకు మొగాలు అట్లే ఉంటాయిమా," అన్నాను, ఆవుల మీద పుస్తకం రాసినవాడిలా.

అమ్మేవాడితో ఒకసారి మాట్లాడాలంది. ఫోన్ కలిపి ఇచ్చాను. అవతల చాలా మర్యాదగల గొంతు. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నానన్నాడు గానీ మాట మన చిత్తూరు జిల్లాదే. అమ్మ ఒక్కటే ప్రశ్న అడిగింది. "నిజంగా పుంగనూరు ఆవేనా నాయనా?"

"అమ్మా, ఆవు పక్కనే నిలబడుకోనుండా. తోక పట్టుకోని చెప్తాండా. అబద్ధమైతే నా నాలిక పడిపోనీ."

అమ్మ ఫోన్‌కే దండం పెట్టింది. మా వైపు ఆవు తోక పట్టుకుని ఎవరూ అబద్ధం చెప్పరు. పొలం గట్టు తగాదాలను కూడా పెద్దమనుషులు తోక పట్టించి తేల్చేవాళ్ళు. రసీదు, కాగితం, సంతకం ఇవన్నీ తోక లేనివాళ్ళకు. ఫోన్‌లో తోక కనపడదు కదా అన్న ఆలోచన ఆమెకు రాలేదు. నిజం చెప్పాలంటే, డిగ్రీ చదివిన నాకూ రాలేదు.

డబ్బు కట్టిన రోజు నుంచి అమ్మ ఆ ప్రింటును దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టి పూజ చేసింది. నాయన అంగడిలో మంచి పలుపుతాడు ఏరి పెట్టింది, గంట కొన్నది, రోజూ ఒక మోపు పచ్చిగడ్డి తెప్పించింది. వీధిలో ఏ టెంపో ఆగినా పసుపునీళ్ళ చెంబుతో పరిగెత్తేది. టమోటా క్రేట్ల టెంపోలు, సిలిండర్ల టెంపో, ఒకసారి పెళ్ళి సామాన్ల టెంపో. ఆవు టెంపో రాలేదు. ఫోన్ స్విచాఫ్. గడ్డిని పక్కింటి మేకలు తిని బలిశాయి.

"కంప్యూటర్లో పోయిన దుడ్డు కంప్యూటర్లోనే ఎతుక్కో పో," అన్నాడు నాయన.

నా కష్టం ఏమిటంటే, ఆ డబ్బు తిరిగి రావాలని నాకు కోరికే, కానీ అది దొరికితే నేను దొరుకుతాను. స్టేషన్‌కు పోతే కానిస్టేబుల్ మొదట అడిగింది "డబ్బు కట్టిన స్లిప్పు ఉండాదా?" అని. స్లిప్పు నా ప్యాంటు జేబులోనే ఉంది, దాని మీద ఆరు వేలని నా చేతి రాతే ఉంది. పోయిందన్నాను. ఆయన పుస్తకం మూసేశాడు. మోసం చేసినవాడు ఎక్కడున్నా క్షేమంగా, ఎవరికీ కనపడకుండా ఉండాలని మోసపోయినవాడు మొక్కుకోవడం బహుశా మా ఇంట్లోనే జరిగింది.

రెండు నెలలైంది. ఒక శనివారం పొద్దున పూజ మధ్యలో అమ్మ గట్టిగా పిలిచింది. ప్రింటు చేతిలో ఉంది. "ఒరే, ఆవు యెనక గోడ మీద ఏం రాసుండాదో సూడు."

చూశాను. ఆవు వీపు పైన, బొట్టు మరకల కింద, పెయింటు అక్షరాలు. ఏదో బట్టల అంగడి ప్రచారం. చివర్న "కుప్పం బస్టాండు ఎదురుగా". నెట్‌లో ఇంగ్లీషంతా చదివిన నేను గోడ మీద తెలుగు చదవలేదు. ఐదో తరగతి చదివిన అమ్మ రోజూ దండం పెడుతూ చదివింది.

"రేపు పోతాండాం," అంది.

ఆదివారం బస్సెక్కాం. నేను ఆ జీన్స్ ప్యాంటే వేసుకున్నాను, ఉన్నవాటిలో మంచిది అదే మరి. "కొత్తదా?" అంది అమ్మ. "స్నేహితునిది," అన్నాను. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు మా మేనమామ అరటిపండ్లు ఇవ్వడానికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. సంగతంతా విని, "పుంగనూరు ఆవు కోసరం పుంగనూరు దాటి పోయేవాళ్ళను ఇప్పుడే సూస్తాండా అక్కా," అన్నాడు. అమ్మ పండ్లు తీసుకుని కిటికీ మూసేసింది. పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

బస్టాండు ఎదురుగా ఆ బట్టల అంగడి నిజంగానే ఉంది. ఉండదేమో అని నాకు చివరి ఆశ ఉండేది. ముసలి యజమాని అద్దాలు సర్దుకుని ప్రింటు చూశాడు.

"మేం రాపించింది మూడు గోడలేమ్మా. రాతికూసాల కంచె పక్కనుండేది ఒకటే. శాంతిపురం దోవలో పల్లె." ఊరి పేరు చెప్పి, "ఆ పల్లె పిల్లోళ్ళంతా బెంగుళూర్లో పని చేస్తారు. ఆదివారమైతే ఇంటికాడే ఉంటారు," అన్నాడు. అమ్మ ఆయన దగ్గర ఒక జాకెట్ గుడ్డ కొన్నది, ఊరికే సాయం తీసుకోకూడదని.

ఆటో దిగగానే గోడ కనిపించింది. రాతికూసాలు, గంగాళం, అన్నీ ఉన్నాయి. వాటి పక్కన నా భుజం ఎత్తు ఆవు ఒకటి తాపీగా నెమరువేస్తోంది. నుదుటి మీద ఫోటోలో ఉన్న తెల్లచుక్కే. ఫోటో ఏ కాలం నాటిదో, అప్పుడు దూడ, ఇప్పుడు పెద్దదైంది. అమ్మ దొంగను వెతకలేదు. నేరుగా ఆవు దగ్గరికి పోయి కొమ్ముల మధ్య తడిమి కళ్ళకద్దుకుంది. రెండు నెలలు పూజ చేసిన దేవత కదా, పలకరించకుండా ఎలా ఉంటుంది?

ఆ ఇంట్లోంచి అమ్మ వయసావిడే ఒకామె వచ్చింది. "ఎవురమ్మా మీరు? యాడ్నుంచి?" అని చెంబుతో నీళ్ళు తెచ్చింది. అమ్మ ముట్టుకోలేదు. కొంగు ముడి విప్పి ప్రింటు ఇచ్చి, "ఈ ఆవును నాకు అమ్మినారు. తోలకపోను వచ్చినా," అంది.

అంతా విన్నాక ఆవిడ లోపలికి చూసి ఒక్క కేక పెట్టింది. ఆవిడ కొడుకు, నా వయసు కుర్రాడు, లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. బెంగళూరులో ఏదో ఆఫీసులో పనట. ఆ మర్యాదగల గొంతుకు ఇంత బక్క మనిషి ఉంటాడని అనుకోలేదు. కాసేపు నేను కాదన్నాడు, తర్వాత స్నేహితులన్నాడు, చివరికి తల వంచుకున్నాడు.

"ఆవు తోక పట్టుకోని చెప్తినంటివి గదరా నాయనా," అంది అమ్మ. కోపం కంటే అదే ఆమెకు ఎక్కువ బాధ.

"అప్పుడు నేను బెంగుళూర్లో ఉంటిని, ఆవు ఈడుండె. తోక యాడ పట్టుకునేదిమా? పట్టుకోకుండా చెప్పింది ఒట్టు కాదు గదా?"

ఆ లా పాయింటును నేను మనసులో మెచ్చుకున్నాను. వాడి తల్లి చేతికందిన కట్టెపుల్లతో రెండు అంటించి, లోపలికి పోయి బియ్యం డబ్బాలోంచి పాల డబ్బు మూట తెచ్చింది. "ఎంతక్కా?"

"ఏడు వేలు," అంది అమ్మ.

"ఆరు," అన్నాడు వాడు.

"ఏడు నాయనా. నా చేత్తో ఎంచి ఇచ్చినా."

"ఆరేమ్మా! దేవునాన!"

"నీ నోట్లో నిజం పలకతాదా?" వాడి తల్లి వాడి మెడ పట్టుకుని ఆవు వెనక్కి తోసింది. "ఇప్పుడు ఆవు ఈడే ఉండాది, నువ్వూ ఈడే ఉండావు. పట్టుకో. పట్టుకోని చెప్పు."

వాడు తోక పట్టుకున్నాడు. ఆవు తల తిప్పి వాణ్ణి చూసింది. "ఆరు వేలు," అన్నాడు.

వాడు తోక వదలకుండానే నా వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పిన మనిషికి వచ్చే గర్వం వాడి మొహంలోకి వచ్చింది. "ఇప్పుడు అన్నను పట్టుకోమను," అన్నాడు.

అమ్మ నా మొహం చూడలేదు. నా ప్యాంటు చూసింది. కింది నుంచి పైదాకా నిదానంగా చూసింది. ఆవు అదే సమయానికి పేడ వేసింది, ఆ చిందులు నా వెయ్యి రూపాయల మీద పడ్డాయి.

"వాడు పట్టుకోనక్కర్లేదు," అంది అమ్మ. "ఆరే. నేనే మరిసిపోయినా. వయసైపోలా?"

ఆరు వేలు తీసుకుంది. అప్పుడు ఆ తల్లి ఇచ్చిన నీళ్ళు తాగింది, రాగిముద్ద తిన్నది, జాకెట్ గుడ్డ ఆమెకు పెట్టి పసుపు కుంకుమ తీసుకుంది. బస్సులో టికెట్లు తనే కొన్నది. నాయనకు కూడా లెక్క తనే తప్పానని చెప్పింది. ఆయన నెల రోజులు అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వాడు, "మా ఆడమనిషికి ఆరుకూ ఏడుకూ తేడా తెలీదప్పా," అని. అమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ డబ్బుతో నిమ్మనపల్లెలో ఒక చిన్న నాటు ఆవును కొన్నది. పొట్టిది కాదు గానీ, స్నానాల గది తలుపు తీసి పెడితే ఆరడుగుల చోట్లో పట్టింది. మొదటి రోజు పాలు పిండటానికి కూర్చుంటూ నన్ను పిలిచింది.

"తోక పట్టుకో, మొగాన కొడతాది."

పట్టుకున్నాను. మరునాడూ పిలిచింది. ఆ మరునాడూ. పొద్దున ఐదున్నరకు లేచి, కళ్ళు నలుపుకుంటూ, ఆవు వెనక తోక పట్టుకుని నిలబడటం నా ఉద్యోగమైంది. పదకొండో రోజు నిద్రమత్తు వదిలి మొదటిసారి ఆవును సరిగ్గా చూశాను. సాయంత్రాలు నాయన పాలు పిండేటప్పుడు ఎవరూ తోక పట్టుకోరు. ఆ ఆవు ఈగ వాలినా తోక కదిలించదు. అంత సాధువు.

అమ్మ నా వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. చెంబులో పాలధార చప్పుడవుతోంది.

"అమ్మా," అన్నాను. "ఆ వెయ్యి నేనే తీసుకున్నా."

ధార ఆగింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"తెలుసు," అంది. మళ్ళీ పిండటం మొదలుపెట్టింది. "ఇంక తోక ఇడిసిపెట్టి పోయి పండుకో పో."