కొలను గట్టు మీది పాచి

కువైట్‌లోని జాబ్రియాలో, పనివాళ్లంతా ‘మామా’ అని పిలిచే యజమానురాలి ఇంటి డ్రైవరు మెహతాబ్‌ను వెంకటేశ్వరి ఒక్క మాటతో నోరు మూయించడం సిద్ధమ్మ కళ్లారా చూసింది. పెరట్లో వెంకటేశ్వరి పెంచుకునే కరివేపాకు మొక్క పాదులోకి అతను కారు కడిగిన సబ్బునీళ్లు వదిలాడు. ఆమె అరవలేదు. ఇంకొక్క చుక్క ఇటొస్తే రేపట్నుంచి నీ చాయ్ ఆ నీళ్లతోనే కాస్తానని హిందీలో నిదానంగా చెప్పింది. చాయ్ పడందే కారు తాళం పట్టని మనిషి, బండిని వీధిలోకి తీసుకుపోయాడు.

వంటమనిషి సిద్ధమ్మ ఎవర్నీ ఒక పట్టాన మెచ్చదు. అయినా తనలాగే కడప నుంచి వచ్చిన ఈ పనిమనిషిని ఆ పొద్దు నుంచి లెక్కలోకి తీసుకుంది.

వెంకటేశ్వరికి ఒకటే దిగులు. మనవరాలి మొహం ఇంకా చూడలేదు. చెవులు కుట్టే వేడుకకైనా ఊరికి పోవాలి. సెలవడిగితే మామా ‘ఇన్‌షాల్లా’ అని ఫోను చూసుకునేది.

ఈ ఎండాకాలం మామా సంసారమంతా జపాను పోయింది. పిల్లల కోసం వెంకటేశ్వరినీ, చక్రాల కుర్చీలో ఉండే ముసలి తల్లి కోసం సిద్ధమ్మనూ వెంటబెట్టుకుంది. ఒకరోజు వందల ఏళ్లనాటి గుడితోట చూశారు. కొలనులో చేప తోకాడిస్తే వినబడేంత నెమ్మది. గట్టు రాళ్ల నిండా పచ్చగా పాచి.

"ఇంత గుడి కట్టి రాళ్లు తోమేదానికి మనిషి ల్యాకపాయనే అక్కా!" అని వెంకటేశ్వరి ముక్కున వేలేసుకుంది.

గుడి కడిగి మొక్కుకుంటే కోరిక తీరుతుందని వాళ్ల ఊరి నమ్మకం. బుద్ధుడైతేనేం, దేవుడేగా. సెలవు ఇప్పించమని మొక్కుకుని, పిల్లల సంచిలోని చెంచా తీసి పరపరా ఒక రాయి గీకేసింది. రెండో రాయికి వెళ్లబోతుండగా ముసలి తోటమాలి పరుగున వచ్చాడు. కేకలేయలేదు. మోకాళ్ల మీద కూర్చుని, రాలిన పాచి ముక్కల్ని ఏరి, నీళ్లు చిలకరించి అరచేత్తో అదిమాడు. అది పట్టిన పాచి కాదు, పెంచిన పాచి అని వెంకటేశ్వరికి అప్పుడు తెలిసింది. చెంచా పారేసి ఆయన పక్కనే చతికిలబడి, నారు నాటినట్టు తనూ అదమసాగింది. ఆయన ఆ చేతుల్ని చూసి నవ్వాడు.

వ్యాన్‌లో మామా మొహం కందగడ్డయింది. సెలవు ఖలాస్ అంది. సిద్ధమ్మ తల వంచుకుని ముసలామె సీటు బెల్టు సర్దసాగింది. వెంకటేశ్వరి మాత్రం తనకొచ్చిన ఇంటి అరబ్బీలోనే అడిగింది:

"తోటాయన నవ్వినాడు. తోట నీదా మామా, నువ్వు కోప్పడేదానికి?"

ముందు ముసలి తల్లి నవ్వింది, కట్టుడుపళ్లు జారేటట్టు. తల్లి నవ్వాక మామా ఎంతసేపు బిగుసుకుంటుంది? కువైట్‌కు తిరిగొచ్చిన వారానికే టికెట్టు చేతికిచ్చింది.

పోయేరోజు వెంకటేశ్వరి సిద్ధమ్మను పెరట్లోకి పిలిచింది. కరివేపాకుకు నీళ్లు పోయమంటుందనుకుంది సిద్ధమ్మ. ఆమె చూపించింది అది కాదు. ఏసీ గొట్టం నీళ్లు కారే చోట, సిమెంటు మీద అరచేతంత పాచి. ఇన్నాళ్లూ ప్రతి శుక్రవారం తనే గీకి పారేసేది.

"మొక్కకు మెహతాబ్ నీళ్లు పోస్తాడులే, చెప్పినా. నువ్వు దీన్ని చూసుకో అక్కా. నేనొచ్చేదాకా ఎవుర్నీ తోమనీయాకు."