ఇంటివాళ్ళకూ చెప్పని సుగుణ గారు

జన్యు సలహాదారు సుగుణ గారు ఇక లేరన్న వార్త పోతిరెడ్డిపల్లిలో కూరగాయలు కొంటుంటే చెవిన పడింది. ఆమె పనిచేసిన ఆసుపత్రివాళ్ళు ఊరందరికీ కబురు చేశారట, నాకు తప్ప. ఆమె మీద ఫిర్యాదు చేసినవాడికి ఎందుకులే అనుకున్నారేమో. ఆమెతో అంతగా పోట్లాడినవాడు మరొకడు లేడు కనుక నేనే ఈ నివాళి రాస్తున్నాను.

వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి దంపతులకు పరీక్షలు చేయించి, ఫలితం విడమరచి చెప్పడం ఆమె వృత్తి. నా చెల్లెలి కొడుక్కి తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. అందుకని మా అమ్మాయి మాధవి గర్భవతి కాగానే భర్తతో వెళ్ళి పరీక్ష చేయించుకుంది. ఫలితం చెప్పే రోజు నేనూ వెంట వెళ్తే, సుగుణ గారు నన్ను గది బయటికి పొమ్మన్నారు.

"నేను కన్నతండ్రిని," అన్నాను.

"కాదన్ననా సార్? జెర బయట కూసోండి. బిడ్డ చెప్తే వినుండ్రి, చెప్పకుంటే అడగకుండ్రి."

బొల్లారం మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఎందరినో బయట నిలబెట్టినవాణ్ణి. ఆ అవమానం మరిచిపోలేదు. సూపరింటెండెంటుకు ఫిర్యాదు చేశాను. విచారణలో ఆమె దేన్నీ కాదనలేదు. "సారు చెప్పింది నిజమే. మళ్ళ వచ్చినా బయటనే కూసోబెడ్త," అన్నారు.

ఫిర్యాదు ఏమైందో కనుక్కుందామని వెళ్ళినప్పుడు, ఆమె గదిలో మా వియ్యపురాలి గొంతు వరండాలోకి వినిపించింది.

"ఏంది మేడమ్ గీ దాపరికం? లోపం గా పోరిలనే ఉంటే మా పోరనికి ఇంకో పిల్లని సూస్కుంటం. మాకు తెల్వద్దా?"

"పిల్లను మార్చుడంటే చీర మార్చినట్టా అమ్మా? గా ముచ్చట నేను చెప్ప. ఇంటికి పోయి కోడలికి ఇంత అన్నం పెట్టు."

వియ్యపురాలు విసవిసా బయటికొచ్చి నన్ను చూసింది. "ఏం మనిషి అన్నా ఈమె! నీకన్న చెప్పిందా?"

"నాకూ చెప్పలేదు," అన్నాను. అబద్ధమాడే అవసరమే రాలేదు. మాధవి కాపురం చెదరలేదు. ఇప్పుడు నాకొక మనవరాలు.

ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. బయట కూర్చోబెట్టడం బయట కూర్చోబెట్టడమే.

నిన్న సంతాపం తెలపడానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె స్థానంలో చేరిన యువకుడు మీరెవరని అడిగితే, మాధవి తండ్రినన్నాను.

"మాధవి మేడమ్ రిపోర్ట్ కంప్యూటర్ల ఉన్నది సార్, సూస్తరా?"

"ఎవరడిగినా చూపిస్తారా?"

"బయటోళ్ళకు సూపిస్తమా సార్! ఇంటోళ్ళకే."

చూడకుండానే వచ్చేశాను. మనిషి కూర్చునే ఉన్నా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. సుగుణ గారికి నా నమస్కారం.