అమ్మకు పెట్టిన పులుసు

ఈ సంఘటన రాసి మీ పత్రికకు రెండుసార్లు పంపాను. వేయలేదు, ఎందుకు వేయలేదో చెప్పనూ లేదు. ఇది మూడోసారి.

మాది పుంగనూరు దగ్గర పల్లె. అమ్మ సంవత్సరీకం నాడు ఆమెకిష్టమైన అనపగింజల పులుసు నేనే చేశాను. పెద్దలకు పెట్టకముందు వంట రుచి చూడకూడదని మా ఇంట్లో పట్టింపు. అందుకని కల్లుప్పు చేతి అంచనాతో వేసి, అరిటాకులు కడగడానికి పెరట్లోకి వెళ్లాను.

అమ్మ ఫోటో ముందు వడ్డించి మొక్కాక అందరం భోజనాలకు కూర్చున్నాం. మదనపల్లెలో ఉండే అన్న మొదటి ముద్దే ఉమ్మేశాడు.

"ఏంరా ఇది? బీపీ అని బతికినన్నాళ్లూ అమ్మకు సప్పిడి కూడు పెడితివి. పోయినాక ఇట్లా కసి తీర్సుకుంటాండావా?"

బంధువులు నవ్వారు. నేను పులుసు గిన్నె తీసుకుని లోపలికి వెళ్లాను.

వంటింట్లో వదిన నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఏసింటావని తెలీక నేనూ ఉప్పేసినానప్పా. మీ అన్నకు సెప్పొద్దు."

చెప్పలేదు. అన్న నాతో మాట్లాడి నాలుగేళ్లయింది. కుప్పంలో మేనకోడలి పెళ్లిలో ఎదురుపడినా మొహం తిప్పుకున్నాడు.

ఇప్పుడు చెప్పేశాను. అన్నా, ఈ పత్రిక నువ్వు చదువుతావని తెలుసు. వదినను ఏమీ అనొద్దు, ఉప్పు ఎవరిచేతనైనా ఎక్కువవుతుంది. కానీ అమ్మ ఒక్కతే తినలేక ఏడుస్తుంటే, మూడేళ్లు పక్కన కూర్చుని ఆ చప్పిడి కూడే తిన్నది ఎవరు? దానికి జవాబు చెప్పు.